మామయ్య గారి రిపోర్టు నేనే చదివి వినిపించాలా?

పోయిన నెల ఈ శీర్షికలో, మనలాంటి వలస కుటుంబాలతో పనిచేసే డాక్టర్లకీ నర్సులకీ టీచర్లకీ ఎలాంటి శిక్షణ ఉండాలో రాశాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. మెచ్చుకున్నవాటిని పక్కన పెట్టేశాను. తిట్టినవీ, నిజంగా చిక్కులో ఉన్నవాళ్లు రాసినవీ ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాను. కొత్తగా చదివేవారి కోసం ఒక మాట: నేను డాలస్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. పేషెంటు చెప్పింది డాక్టరుకి ఇంగ్లిష్‌లో, డాక్టరు చెప్పింది పేషెంటుకి తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. ఇంటర్‌ప్రెటర్‌ని పక్కన పెట్టుకుని పేషెంటుతో ఎలా మాట్లాడాలో కొత్త నర్సులకీ, ఆసుపత్రిలో ఇంకా శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్లకీ నేర్పుతుంటాను కూడా. పుట్టింది నరసరావుపేట. కోపం కూడా అక్కడిదే.

ప్రశ్న: మా మామయ్య గారు ఆరు నెలలు ఉందామని ఇండియా నుంచి వచ్చారు. కడుపులో నొప్పి అంటే ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు మావారికి ఆఫీసులో మీటింగు ఉంటే నేనే తీసుకెళ్లాను. డాక్టరు "మీకు ఇంగ్లిష్ బాగా వచ్చు కదా, మీరే చెప్పండి" అని విషయం నాతో అనేశారు. క్యాన్సర్. మామయ్య గారు నా మొహం వంకే చూస్తున్నారు. "పుండంట మామయ్య గారూ, మందులు వాడితే తగ్గుతుందంట" అన్నాను. ఇప్పుడు మావారూ ఆడపడుచూ నాన్నకి చెప్పొద్దంటున్నారు. కీమో మొదలుపెట్టాలి, కాగితాల మీద సంతకం ఆయనే పెట్టాలి. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.
– ఒక కోడలు, ఫ్రిస్కో

జవాబు: ముందు ఆ నిద్ర సంగతి. ఆ గదిలో మీరు చెప్పిన అబద్ధానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. క్యాన్సర్ అనే కబురు కోడలి నోటితో మామగారికి చెప్పించడం ఆ డాక్టరు చెయ్యకూడని పని. అది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఇక్కడి చట్టం కూడా ఇంచుమించు అదే చెబుతుంది.

1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఆరో భాగం ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థ ఏదైనా సరే, ఎక్కడి నుంచి వచ్చారన్నదాన్ని బట్టి మనిషిని తక్కువ చూడకూడదు అంటుంది. ఇంగ్లిష్ రానివాళ్లకి భాష సాయం చెయ్యకపోవడం కూడా దాని కిందికే వస్తుందని కోర్టులు ఎప్పుడో చెప్పాయి. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో 1557 సెక్షన్ దాన్ని ఆసుపత్రులకి మరింత గట్టిగా బిగించింది. ఆ సెక్షన్ కింద 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, అత్యవసరంలో తాత్కాలికంగా తప్ప మైనర్ పిల్లల చేత మాట చెప్పించకూడదు. వెంట వచ్చిన పెద్దవాళ్ల చేత కూడా ఊరికే చెప్పించకూడదు. పేషెంటు తనంతట తాను, వెంట వచ్చినవాళ్లు లేకుండా, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ సమక్షంలో "నాకు మా కోడలే చెప్పాలి" అని అడగాలి, కోడలు ఒప్పుకోవాలి, ఆ సంగతి ఫైల్లో రాయాలి. మీ విషయంలో మామయ్య గారిని అడిగారా? లేదు. మిమ్మల్ని? అదీ లేదు. ఇంటర్‌ప్రెటర్‌కి మీరు డబ్బు కట్టక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చినా ఈ హక్కు ఉంటుంది.

కొందరు పాఠకులు "అదంతా 2025లో పోయిందట కదా" అని కూడా రాశారు. 2025 మార్చిలో ఇంగ్లిష్‌ని అధికార భాషగా ప్రకటిస్తూ ప్రెసిడెంట్ ఉత్తర్వు వచ్చింది, భాష సాయం గురించి 2000లో ఇచ్చిన పాత ఉత్తర్వుని రద్దు చేసింది, నిజమే. కానీ 1964 చట్టం, 1557 సెక్షన్ కాంగ్రెస్ చేసినవి. ఉత్తర్వుతో చట్టం పోదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. వచ్చే అపాయింట్‌మెంటుకి ముందే క్లినిక్‌కి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి. ఒకటి, మామయ్య గారికి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి, మనిషి దొరక్కపోతే వీడియోలోనో ఫోన్లోనో అయినా సరే. రెండు, "పోయినసారి ఆయనకి విషయం పూర్తిగా తెలియలేదు, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆయన్నే అడగండి" అని డాక్టరుకి కబురు పెట్టండి. ఈ రెండోది చాలా ముఖ్యం.

ఎందుకంటే, అమెరికాలో డాక్టర్లకి నేర్పేది పేషెంటుకి నిజం చెప్పమని. మన ఇళ్లలో అలవాటు పెద్దాయనకి చెప్పొద్దని. ఈ రెండిటి మధ్యా పడి నలిగేది మీలాంటి కోడళ్లు. నేను రెసిడెంట్లకి నేర్పే మొదటి పాఠం ఇదే: రిపోర్టు తెరవకముందే పేషెంటుని అడగండి. "పరీక్షల్లో ఏం వచ్చిందో మీకే వివరంగా చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పి ఆయన చేత నిర్ణయాలు తీసుకోమంటారా?" ఇలా అడిగితే కొందరు పెద్దవాళ్లు "మావాడికి చెప్పండమ్మా, వాడు చూసుకుంటాడు" అంటారు. అది కూడా హక్కే. తెలుసుకోనని చెప్పే హక్కు. దాన్ని ఫైల్లో రాసుకుని, ఆ ప్రకారం కాగితాలు సిద్ధం చేస్తారు. ఇంకొందరు కుర్చీలో ముందుకి జరిగి, "నా ఒంట్లో సంగతి నాకు కాక ఎవరికి చెబుతారు" అంటారు. అలాంటివాళ్లు ఆ ప్రశ్న కోసం ఎదురు చూస్తూ ఉన్నట్టే ఉంటారు. ఇంట్లో అందరూ తలుపులు వేసుకుని గుసగుసలాడుతుంటే పెద్దవాళ్లకి తెలియదనుకోవడం మన భ్రమ.

మీవారికి ఒక సంగతి ముందే చెప్పండి. ఇంటర్‌ప్రెటర్ వచ్చాక "నాన్నకి ఆ ముక్క చెప్పకండి" అని మాకు తెలుగులో చెవిలో చెబితే, మేం దాన్ని కూడా డాక్టరుకి ఇంగ్లిష్‌లో చెప్పేస్తాం. మా నియమం అది. గదిలో పలికిన ప్రతి మాటా ఇటు నుంచి అటు వెళ్లాలి. దీనికి నాతో పోట్లాడిన కొడుకులున్నారు. బయటికొచ్చాక కాఫీ ఇప్పించినవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ సంతకం. ఏం రాసుందో తెలియకుండా ఆయన చేత కీమో కాగితం మీద సంతకం పెట్టించొద్దు. అది ఒక్కటి మటుకు మీరు ఒప్పుకోకండి, ఇంట్లో ఎవరు ఏమన్నా.

ప్రశ్న: నేను మిషిగన్‌లో పుట్టి పెరిగాను. ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్‌ని. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఈ ఉత్తరం అమ్మ సాయంతో రాస్తున్నాను. అయినా మా ఆసుపత్రి నన్ను తెలుగు పేషెంట్లతో తెలుగులో మాట్లాడనివ్వదు. భాష పరీక్ష పాసవ్వాలట. ఇది అవమానంగా ఉంది. పోయిన నెల మీరు రాసిందాంట్లో "సంస్కృతి తెలిసిన డాక్టర్లు కావాలి" అని ఉంది. నాకంటే తెలిసినవాళ్లెవరు?
– ఒక రెసిడెంట్, ట్రాయ్

జవాబు: డాక్టరు గారూ, పరీక్ష రాయండి. అవమానమేమీ లేదు. అమ్మతో అన్నం గురించీ పెళ్లి గురించీ మాట్లాడే తెలుగు వేరు, ఉద్దానం నుంచి వచ్చిన రైతుకి డయాలసిస్ ఎందుకో వివరించే తెలుగు వేరు. ఆదిలాబాద్ పెద్దమ్మ మాట మీకు సగమే అర్థమై, అర్థమైనట్టు తలూపితే నష్టపోయేది ఆవిడ.

ఇక సంస్కృతి సంగతి. నేను రాసింది ఆ మాట కాదు, మళ్లీ చదవండి. "తెలుగువాళ్లు ఇలా ఉంటారు, పంజాబీలు అలా ఉంటారు" అని పట్టికలు వేసి నేర్పే శిక్షణ మీద నాకు నమ్మకం లేదు. అలాంటి స్లైడ్ ఒకటి చూశాను: భారతీయులు శాకాహారులు, తండ్రి మాటే నిర్ణయం, కళ్లలోకి చూడరు. మా ఇంట్లో ఆ మూడిట్లో ఒక్కటీ నిజం కాదు. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ ముర్రే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి ఒక వ్యాసం రాశారు. వాళ్ల వాదన సారం ఏంటంటే, ఇంకొకరి సంస్కృతి మనకి పూర్తిగా వచ్చేసిందని అనుకోవడం మానెయ్యాలి, అణకువతో జీవితాంతం నేర్చుకుంటూ ఉండాలి, మన చేతిలో ఉన్న అధికారాన్ని కూడా చూసుకోవాలి. మనవాళ్ల విషయంలో మనకే ఇది ఎక్కువ అవసరం. "నాకు తెలుసులే" అనే మొదటి మాట మన నోటి నుంచే వస్తుంది కాబట్టి.

అంతకు ముందే 1970లలో ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు కొన్ని ప్రశ్నలు తయారు చేశాడు. చాలా సాదా ప్రశ్నలు. మీకేం వచ్చిందని మీరనుకుంటున్నారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైంది? దీనివల్ల మీకు దేని గురించి భయం? ఏ వైద్యం చేస్తే బాగుంటుందనుకుంటున్నారు? వీటిని తెలుగులో అడిగి చూడండి. షుగరు పెరగడానికి కారణం "పిల్లకి పెళ్లి కుదరట్లేదన్న టెన్షన్" అని చెప్పిన తల్లికి, ముందు ఆ మాట విని, తర్వాత మెట్‌ఫార్మిన్ గురించి చెబితే వింటుంది. ఎదురు చెబితే ఇంటికెళ్లి మాత్ర డబ్బాలోనే ఉంచేస్తుంది.

మీకు ఇంకో రెండు మూడు పనికొచ్చే సంగతులు. మన పేషెంట్లు "సరే డాక్టరు గారూ" అన్నారంటే ఒప్పుకున్నారని కాదు, గౌరవించారని అర్థం. అందుకే చివర్లో వాళ్ల చేతే చెప్పించుకోండి: "ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి." మందులేం వాడుతున్నారని అడగడం చాలదు, స్ట్రిప్పులు తెచ్చి బల్ల మీద పెట్టమనండి. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే షుగరు మాత్రల్లో మూడు మందులు కలిపినవి ఉంటాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు ఇక్కడ అసలు అమ్మని వోగ్లిబోస్ కూడా ఉంటుంది. మీ కంప్యూటర్లో ఆ పేరు దొరకదు. మీరు మళ్లీ మెట్‌ఫార్మిన్ రాస్తే డోసు రెట్టింపు అవుతుంది. ఉపవాసాల గురించి అడగండి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, అయ్యప్ప దీక్ష, రంజాన్, గుడ్ ఫ్రైడే ముందు నలభై రోజులు. అందరూ ఉంటారని కాదు, ఉన్నవాళ్లు మీరడక్కపోతే చెప్పరు.

బరువు చూసి మోసపోవద్దు. మామూలుగా డయాబెటిస్ పరీక్షకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 25 అని మీరు చదువుకుని ఉంటారు. ఆసియా మూలాలున్నవాళ్లకి 23 దగ్గరే మొదలుపెట్టమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. మన సన్నటి మనుషులకి షుగరు ఎందుకు లేటుగా బయటపడుతుందో దీంతో మీకే అర్థమవుతుంది.

అమ్మకి నమస్కారాలు చెప్పండి. ఉత్తరం చక్కగా రాయించింది.

ప్రశ్న: నేను ఎంఎస్ స్టూడెంట్‌ని. ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చెయ్యలేదు. తప్పే. కేసు పెట్టారు. కోర్టు ఇచ్చిన లాయరు "ఒప్పేసుకో, డిఫర్డ్ ఇప్పిస్తాను, కొన్నాళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, శిక్ష పడినట్టు కాదు" అంటున్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. సంతకం పెట్టేయనా? ఇంట్లో ఎవరికీ తెలియదు.
– పేరు వద్దు, టెక్సస్

జవాబు: ఆగు బాబూ. నేను లాయర్ని కాను, ఇది న్యాయ సలహా కాదు. కానీ ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు.

టెక్సస్ చట్టం దృష్టిలో మీ లాయరు చెప్పింది అబద్ధం కాదు. డిఫర్డ్ అడ్జుడికేషన్ సరిగ్గా పూర్తి చేస్తే రాష్ట్రం లెక్కలో శిక్ష పడినట్టు కాదు. కానీ ఇమిగ్రేషన్ లెక్క వేరు. 1996లో మార్చిన చట్టం ప్రకారం, తప్పు ఒప్పుకుని గానీ, కేసుని ఎదిరించనని చెప్పి గానీ ఉండి, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో పెట్టి ఉంటే చాలు, అది శిక్ష కిందే లెక్క. తర్వాత కేసు కొట్టేసినా సరే. పైగా దొంగతనం కేసులని ఇమిగ్రేషన్‌లో చిన్నగా చూడరు. దాని ఫలితం సరుకు విలువని బట్టి, నువ్వు దేశంలోకి వచ్చి ఎన్నాళ్లైందన్నదాన్ని బట్టి, ఇంతకు ముందు ఏమైనా ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే నీ కాగితాలు చూసి చెప్పేవాళ్లు కావాలి.

మీ లాయరుకి ఈ ప్రశ్న వెయ్యి: "ఈ ప్లీ వల్ల, అంటే తప్పు ఒప్పుకోవడం వల్ల, నా వీసా, నా స్టేటస్ ఏమవుతాయి?" చెప్పడం అతని బాధ్యత. 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో ఆ మాటే తేల్చింది. హోసే పడిల్లా హోండురాస్‌లో పుట్టినవాడు, నలభై ఏళ్లకి పైగా గ్రీన్‌కార్డుతో ఇక్కడే ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో అతని లాయరు "ఇన్నేళ్లుగా ఉన్నావు, దేశం నుంచి పంపుతారన్న భయం అక్కర్లేదు" అన్నాడు. ఒప్పుకున్నాక డిపోర్టేషన్ తప్పని పరిస్థితి వచ్చింది. తన క్లయింటు పౌరుడు కానప్పుడు ఆ ప్రమాదం గురించి హెచ్చరించడం క్రిమినల్ లాయరు పనిలో భాగమేనని కోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాత, డబ్బు లేనివాళ్లకి ప్రభుత్వం తరఫున లాయర్లని ఇచ్చే చాలా పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులు ఇమిగ్రేషన్ తెలిసినవాళ్లని పెట్టుకున్నాయి, లాయర్లకి క్లాసులు పెట్టాయి. అన్ని చోట్లా లేవు. ఫీజు తక్కువ, కేసులు ఎక్కువ ఉన్న లాయరుకి ఆ క్లాసుకి వెళ్లే తీరిక ఉండదు. మంచివాడైనా సరే.

మీ యూనివర్సిటీలో విద్యార్థుల లీగల్ సర్వీస్ ఉందేమో చూడు, చాలా చోట్ల ఉచితం. కేసు నడుస్తుండగా లాయరుని అడక్కుండా దేశం దాటొద్దు. ఇంట్లో చెప్పడం గురించి నేను ఒత్తిడి చెయ్యను, కానీ ఒక్కడివే మొయ్యకు. కనీసం నమ్మకమైన ఫ్రెండ్ ఒకడికి చెప్పు. మనసు మరీ బాగోకపోతే 988కి ఫోన్ చెయ్యి, పగలైనా రాత్రైనా ఎత్తుతారు.

ప్రశ్న: ఇంటర్‌ప్రెటర్లు దేనికండీ, ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టుకుంటే పోయేదానికి? కాలం మారింది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఆస్టిన్

జవాబు: క్యాంటీన్ ఎక్కడుందో అడగడానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆపరేషన్ సమ్మతి పత్రానికి కాదు. 2024 నిబంధనలు కూడా, ప్రాణానికో హక్కుకో సంబంధించిన రాత విషయంలో యంత్రం అనువాదాన్ని అర్హత ఉన్న మనిషి సరిచూడాలని చెబుతున్నాయి. మీరు రాసిన కోడ్‌ని కూడా ఎవరో ఒకరు రివ్యూ చేస్తారు కదా.

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. మాటలు పది కూడా లేవు. స్పీచ్ థెరపిస్టు "రెండు భాషలతో తికమక పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి" అంది. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, రోజంతా బాబు ఆవిడ దగ్గరే ఉంటాడు. ఆవిడ మాట్లాడటమే మానేశారు. ఏం చెయ్యాలి?
– ఒక అమ్మ, ప్లేనో

జవాబు: ముందు అత్తయ్య గారిని మాట్లాడమనండి. ఈ రోజే.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఇన్నేళ్ల పరిశోధనలో తేలింది ఇదే, స్పీచ్ థెరపిస్టుల శిక్షణలో కూడా ఇప్పుడు ఇదే చెబుతారు. మీవాడికి మాటలు తక్కువగా ఉన్నాయంటే కారణం వేరే ఏదైనా కావచ్చు, దాన్ని చూడాల్సిందే. చెవులు పరీక్ష చేయించారా? అది మొదట. పాత సలహా ఇచ్చిన థెరపిస్టు చెడ్డదని కాదు, ఎప్పుడో చదువుకున్నదాన్ని పట్టుకుని ఉంది. కానీ ఆ సలహా ఏం చేసిందో చూడండి, రోజంతా బిడ్డతో మాట్లాడే ఒక్క మనిషి నోరూ మూయించింది.

మూడేళ్లలోపు పిల్లలకి టెక్సస్‌లో ఈసీఐ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, ఇంటికే వచ్చి చూస్తారు. మూడేళ్లు నిండాక మీ స్కూల్ డిస్ట్రిక్ట్ బాధ్యత. ఎక్కడ అడిగినా, "బాబుకి తెలుగులో ఎన్ని మాటలొచ్చో కూడా లెక్కలోకి తీసుకోండి" అని చెప్పండి. ప్రత్యేక విద్య చట్టం ప్రకారం, అస్సలు వీలుకాకపోతే తప్ప పిల్లల్ని వాళ్ల సొంత భాషలోనే పరీక్షించాలి. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరకడం కష్టం, కాబట్టి ఇంటర్‌ప్రెటర్‌తో చెయ్యమనండి. వెళ్లేముందు అత్తయ్య గారి చేత ఒక కాగితం మీద బాబు అనే మాటలన్నీ రాయించండి. "బువ్వ", "తాత", "జోజో", ఏదైనా సరే. ఇంగ్లిష్‌లో పది లేవన్న పిల్లాడికి, తెలుగు కలిపితే ఎన్ని తేలతాయో చూడండి.

మీ పెద్దపాపని స్కూల్లో ఇంగ్లిష్ ఇంకా పూర్తిగా రాని పిల్లల క్లాసు, అంటే ఈఎస్‌ఎల్‌లో వేశారని కూడా రాశారు. ఇంట్లో ఏ భాష అన్న సర్వేలో తెలుగు అని రాశారు కాబట్టి పరీక్ష పెట్టారు. కొందరు మనవాళ్లు ఇందుకే అక్కడ ఇంగ్లిష్ అని రాసేస్తారు. అలా రాయక్కర్లేదు. పరీక్ష ఫలితం చూపించమని అడగండి. ప్రోగ్రామ్ వద్దని రాతపూర్వకంగా చెప్పే హక్కు తల్లిదండ్రులకి ఉంది. అయినా, ఇంగ్లిష్ పూర్తిగా వచ్చిందని తేలేదాకా ఏటా పరీక్ష మటుకు రాయాల్సిందే.

ప్రశ్న: మీరంతా అమెరికా కబుర్లే చెబుతారు. నేను పెద్దపల్లి దగ్గర ఏఎన్ఎంని. మా సబ్ సెంటర్ పరిధిలో ఇటుక బట్టీలున్నాయి. ఒడిశా నుంచి కుటుంబాలొస్తాయి. గర్భిణులుంటారు, చంటిపిల్లలుంటారు. నేను చెప్పేది వాళ్లకి రాదు, వాళ్లు చెప్పేది నాకు రాదు. వాళ్లని పనికి తెచ్చిన సర్దార్ (కూలీల మేస్త్రీ) మధ్యలో ఉండి హిందీలో ఏదో చెబుతాడు. మాకెవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. మీరేమంటారు?
– ఒక ఏఎన్ఎం, పెద్దపల్లి జిల్లా

జవాబు: ఈ విడత నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదే, అమ్మా. కోపంతో సహా.

మీ బట్టీలకొచ్చేవాళ్లు ఎక్కువగా బలాంగీర్, నువాపడా జిల్లాల వైపువాళ్లు అయి ఉంటారు. చలికాలం మొదట్లో వచ్చి, వానలకి ముందు వెళ్లిపోతారు. ముందే అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు పిల్లలతో సహా వస్తారు, ఆ అప్పు ఇటుకలతో తీరుస్తారు. చాలామంది ఇళ్లలో మాట్లాడేది పశ్చిమ ఒడిశా భాష సంబల్‌పురి. హిందీ మగవాళ్లకి కాస్తో కూస్తో వస్తుంది, ఆడవాళ్లకి వచ్చేది తక్కువ. కాబట్టి మీరు హిందీ నేర్చుకున్నా పెద్ద లాభం లేదు.

సర్దార్‌తో మాట్లాడించడం ఆపండి. పైన ఫ్రిస్కో కోడలికి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. ఆ కోడలికి మామగారి మీద ప్రేమ ఉంది. సర్దార్‌కి పని ఆగకూడదన్న లెక్క ఉంది. "ఎనిమిదో నెల, ఇటుకలు మొయ్యొద్దు" అని మీరంటే అతను దాన్ని ఏం చేసి చెబుతాడో మీకు తెలియదు. కడుపు మీద దెబ్బ తగిలిందనో, భర్త కొట్టాడనో ఆ అమ్మాయి అతని ఎదుట చెప్పదు.

బట్టీలో కాస్త చదువుకున్న, కాస్త తెలుగు పట్టుబడిన ఒక ఆడమనిషిని వెతకండి. ఏటా వచ్చేవాళ్లలో ఒకరు ఉంటారు. ఆమె చేత ఎవరి గుట్టూ బయటపెట్టనని మాట తీసుకోండి, ప్రతిసారీ ఆమెనే పిలవండి. ఇంకో ఉపాయం ఫోను. ఒడిశాలో వాళ్ల ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటుంది. చాలామంది తల్లుల దగ్గర ఆమె నంబరుంటుంది. మీ ఫోన్లో స్పీకర్ పెట్టి ఆమెతో మాట్లాడించండి. వాళ్ల భాష ఆమెకొచ్చు, పిల్లకి ఏ టీకాలు పడ్డాయో ఆమె రిజిస్టర్లో ఉంటుంది. మీకూ ఆమెకీ హిందీ ముక్కలతో నెట్టుకొచ్చినా చాలు, ఇద్దరిదీ ఒకటే పని కాబట్టి అర్థమైపోతుంది. తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకున్నారా అని అడగండి. తేకపోతే ఇక్కడ కొత్తది రాసివ్వండి, వెళ్లేటప్పుడు దాన్ని తీసుకెళ్లమని గట్టిగా చెప్పండి. వేరే రాష్ట్రం ఆధార్ అని టీకా ఆపక్కర్లేదు, మీకు తెలిసిందే. రేషను కూడా ఇప్పుడు ఏ రాష్ట్రం కార్డుకైనా ఇక్కడ తీసుకోవచ్చు, ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంతకు ముందు తెలంగాణలో కొన్ని జిల్లాల్లో బట్టీల దగ్గరే ఒడియా బడులు నడిపారు, పుస్తకాలు ఒడిశా నుంచి తెప్పించారు, చెప్పడానికి ఒడియా వచ్చినవాళ్లని పెట్టారు. మీ మండలంలో అలాంటిది ఉంటే ఆ టీచరే మీకు అందరికంటే మంచి ఇంటర్‌ప్రెటర్. శిక్షణ గురించి మీ మెడికల్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా అడగండి. బట్టీల సీజన్ మొదలవకముందే అడగండి, సీజన్లో ఎవరికీ తీరిక ఉండదు. కావాలంటే ఆ కాగితం నేను రాసిపెడతాను, పత్రిక ఆఫీసుకి మీ చిరునామా పంపండి.

ప్రశ్న: నేను హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను. తెలుగు బాగా వచ్చు, ఎంఏ చేశాను. మీలాగా ఇంటర్‌ప్రెటర్ అవ్వాలంటే ఏం చదవాలి? ఇంట్లో నుంచి చేసుకోవచ్చా?
– ఒక గృహిణి, ఎడిసన్

జవాబు: జీతం తీసుకోవాలంటే ముందు ఈఏడీ, అంటే పని చెయ్యడానికి అనుమతి కార్డు, ఉండాలి. హెచ్-4లో అందరికీ రాదు, మీవారి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో దాని మీద ఉంటుంది. ఆ సంగతి తేల్చుకోండి. ఈలోగా చదువు మొదలుపెట్టొచ్చు. మెడికల్ ఇంటర్‌ప్రెటింగ్‌లో కనీసం 40 గంటల కోర్సు కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో నియమాలు, శరీర భాగాలు, జబ్బులు, నోట్సు రాసుకోవడం నేర్పుతారు. తర్వాత సీసీహెచ్ఐ అనే సంస్థ పెట్టే పరీక్ష రాయొచ్చు. స్పానిష్, అరబిక్, చైనీస్‌కి భాషలో మౌఖిక పరీక్ష కూడా ఉంది, తెలుగుకి లేదు. కాబట్టి మనం రాసేది అన్ని భాషలవాళ్లకీ ఉండే కోర్ పరీక్ష, ఇంగ్లిష్‌లో ఉంటుంది. మీ తెలుగుని ఏజెన్సీవాళ్లు విడిగా పరీక్షిస్తారు.

పని ఉందా అంటే, ఉంది. 2010 నుంచి 2017 దాకా అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనాభా లెక్కల సర్వే మీద ఆధారపడిన విశ్లేషణ ఒకటి చెప్పింది. ఆ తర్వాత వాళ్ల అమ్మానాన్నలు రావడం మొదలైంది, ఆసుపత్రి పని వాళ్లతోనే ఎక్కువ. ఇంట్లో నుంచి ఫోన్ కాల్స్ తీసుకోవచ్చు, కానీ తలుపు వేసుకునే గది ఉండాలి. వెనక నుంచి మిక్సీ గానీ పిల్లలు గానీ వినిపిస్తే కాల్ పోతుంది, తర్వాత కాల్స్ కూడా ఇవ్వరు. ఎంఏ తెలుగు ఉంది కదా అని ధీమా వద్దు. మూత్రపిండాలు, రక్తనాళాలు అనే తెలుగు పేషెంటుకి రాదు, మీరే కిడ్నీ, నరం అనడం అలవాటు చేసుకోవాలి. కోర్సులో చేరాక సందేహాలుంటే మళ్లీ రాయండి.